కల్చర్ రూమ్ ఫోనమ్మ

ఆసుపత్రి రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపున్న గదిని కల్చర్ రూమ్ అంటారు. పని లేనివాళ్ళు లోపలికి రాకూడదని తలుపు మీద రాసుంటుంది. పని లేనివాళ్ళు తప్ప దాన్ని ఎవరూ చదవరు. ఆ గదిలో కిటికీ పక్కనున్న బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఒకే మనిషి కూర్చుంటోంది. హాజరు పుస్తకంలో ఆమెకో పేరుంది గానీ ఆసుపత్రిలో సగంమందికి అది తెలియదు. వార్డుల్లో అందరూ ఫోనమ్మ అనే అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, పోనుపోను మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"పేరు పెట్టారంటే నా ఫోను ఎత్తుతున్నారనేగా. అది చాలు నాకు" అనేది.

ఆ గదికి రోగుల మూత్రం, రక్తం, చీము చిన్న చిన్న సీసాల్లో వస్తాయి. సీసాలోంచి ఒక చుక్క తీసి, ప్లేటులో గడ్డకట్టించిన మేత మీద పూసి, మనిషి ఒంటి వేడి ఉండే పెట్టెలో పెడితే, మర్నాటికి అందులోని బ్యాక్టీరియా బొట్లు బొట్లుగా పైకి కనిపిస్తుంది. ఆ తర్వాత దాని మీద మందులద్దిన కాగితపు బిళ్ళలు పెడతారు. మందుకు లొంగే రకమైతే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. లొంగని రకమైతే బిళ్ళను ఆనుకునే దర్జాగా పెరిగిపోతుంది. ఆ ఖాళీలను స్కేలుతో కొలిచి ఏ మందు పనిచేస్తుందో రాసి పంపితే, దాన్ని చూసి డాక్టర్లు చీటీ రాస్తారు. చెప్పుకోవడానికి ఇంతే పని. కాస్త చదువు, కాస్త చెయ్యి తిరగడం ఉంటే ఎవరైనా చేస్తారు.

ఫోనమ్మ పేచీ ఎక్కడొచ్చేదంటే, పెరిగిందల్లా రోగం కాదనేది. ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళ మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం మామూలే. ఏ గొడవా చెయ్యకుండా ఇంట్లో ఒక మూల పడుండే చుట్టంలా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. దాని జోలికి పోకూడదు. పోయి మందు మింగిస్తే ఆ మందు పేగుల్లో మనకు మేలు చేసే బ్యాక్టీరియాను కూడా ఊడ్చేస్తుంది. అలా ఖాళీ అయిన చోట ఒక్కోసారి అసలైన దుర్మార్గపు రకం తిష్ఠ వేస్తుంది. ఈ సంగతి పుస్తకాల్లో ఉంది, డాక్టర్లు పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. కానీ వార్డులో అరవైమంది రోగులు, చేతిలో రిపోర్టు, రిపోర్టులో వరసగా మందుల పేర్లు కనబడేసరికి చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఆ చేతిని ఆపడానికే ఆమె ఫోను చేసేది.

బిళ్ళలు పెట్టే ముందు వార్డుకు ఫోను చేసి నాలుగు ప్రశ్నలు అడిగేది. జ్వరం ఉందా? మంటగానీ నొప్పిగానీ ఉందా? అసలు ఈ సీసా ఎందుకు పంపారు? ఈమధ్య కొత్తగా మందులేమైనా మొదలుపెట్టారా? నాలుగింటికీ జవాబు వస్తేగానీ ప్లేటును కదిలించేది కాదు. జవాబు నచ్చకపోతే, "పెరుగుదల ఉంది, చికిత్స అవసరం లేదు" అని రాసి పంపేసేది. మందుల పేర్లు రాసేదే కాదు. కొందరు డాక్టర్లకు ఒళ్ళు మండేది. ఒకాయనైతే పైవాళ్ళ దాకా పోయి, "ఈవిడ టెక్నీషియనా, జడ్జీనా?" అని గోల పెట్టాడు.

ఆ గోల సద్దుమణగడానికి కారణం ఒక ముసలి పోస్ట్‌మాన్. రిటైరై ఏళ్ళయింది. ఉన్నట్టుండి మతిమరుపు, పలవరింత. సీసా వచ్చింది, ప్లేటు నిండా పెరుగుదల. ఫోనమ్మ ఫోను చేసింది. మూడు ప్రశ్నలకు నర్సు విసుక్కుంటూ జవాబు చెప్పింది. నాలుగోదానికి మాత్రం ఆగి, కేసు కాగితాలు తిరగేసి, "వారం నుంచి నిద్రమాత్ర ఇస్తున్నారు మేడం" అంది. నిద్రమాత్ర మాన్పిస్తే రెండోనాటికి పెద్దాయన మామూలైపోయాడు. ఇంటికెళ్ళేముందు మెట్లెక్కి ఆయాసపడుతూ కల్చర్ రూమ్‌కు వచ్చి, "నన్ను చూడకుండానే నా జబ్బు కనిపెట్టింది ఎవరమ్మా?" అని అడిగి, బిస్కెట్ పొట్లం ఇచ్చిపోయాడు. అప్పట్నుంచి కొత్తగా చేరిన డాక్టర్లకు సీనియర్లు ముందుగా చెప్పే మాటల్లో ఇదొకటైంది: ఫోనమ్మ అడిగితే చెప్పండి, వద్దంటే మానెయ్యండి.

ఇది ఆసుపత్రి సంగతి. ఇంటి దగ్గర ఆమెకు ఇంత పలుకుబడి లేదు.

ఇల్లు ఇస్త్రీ దుకాణం మీది మూడు గదులు. ముందుగదిలో కిటికీ కింద కుట్టుమిషను, దాని ముందు అత్తగారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి, ఇప్పుడు మానమన్నా మానక, వీధిలో వాళ్ళవి చిరుగులూ బొత్తాలూ చూస్తూ, అప్పుడప్పుడూ ఓ చొక్కా కుడుతుండేది. నోరు కత్తెరకంటే పదును. కొడుకు సిటీ బస్సు డ్రైవరు. తల్లి మాటకు ఎదురు చెప్పడు, పెళ్ళాం మాటకూ ఎదురు చెప్పడు, ఇద్దరూ తలో మాట చెప్పినప్పుడు మాత్రం డ్యూటీ ఉందని వెళ్ళిపోతాడు.

ఫోనమ్మకు తొమ్మిదో ఏట తల్లి పోయింది. ఇరవై మూడో ఏట ఈ ఇంటికొచ్చింది. పిల్లలు పుట్టలేదు. పుట్టలేదన్న మాట ఆ ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు అత్తగారు. ఒకసారి ఎవరో దూరపు చుట్టం సానుభూతిగా ఏదో అనబోతే, మిషను ఆపకుండానే, "మా కోడలు రోజూ కోట్లకొద్దీ పెంచుతోందమ్మా ప్లేట్లలో, ఇంకా ఎక్కడ పెట్టుకుంటాం?" అంది. ఆ చుట్టం మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ రోజు వంటింట్లో ఫోనమ్మ చాలాసేపు ఏడ్చింది. బాధతో కాదు. తనకూ ఒక అమ్మ ఉందన్నది అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు మరి.

ఇంట్లో ఫోనమ్మ పంతం ఒక్కటే ఉండేది: డాక్టరు రాయని మాత్ర గడప దాటకూడదు. తలనొప్పికి సందు చివర షాపులో ఏదో కొనుక్కొచ్చినా ఊరుకునేది కాదు. మందు అంటే చాక్లెట్టా అని అరగంట క్లాసు పీకేది. తల్లీ కొడుకూ బుద్ధిమంతుల్లా తలలూపి వినేవారు.

ఆ యేడు ఎండలు తగ్గుతున్న రోజుల్లో అత్తగారు మారిపోయింది. ముందు చిన్నచిన్న వాటిలో తేడా వచ్చింది. ఒకే చొక్కాకు రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. మిషను ముందు కూర్చునే మధ్యాహ్నం పూట నిద్రలోకి జారిపోయేది. కత్తెర ఫ్రిజ్‌లో దొరికింది. ఊరికే నోరెండిపోతోందంటూ చెంబుల కొద్దీ నీళ్ళు తాగేది. నాలుగో రోజు పొద్దున, పద్నాలుగేళ్ళ కిందట చనిపోయిన మొగుడి గురించి, "మీ మామయ్య టీ తాగాడా, అలాగే పోయాడా?" అని అడిగింది.

ఫోనమ్మ వెంటనే నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం చూసింది, లేదు. నొప్పి, మంట ఏమైనా ఉన్నాయా అంటే లేవంది. ఏం చెయ్యాలో తోచలేదు. ఏమీ తోచనప్పుడు మనిషి చేతికి అలవాటైన పనే చేస్తుంది. మర్నాడు ఆసుపత్రినుంచి శుభ్రమైన సీసా ఒకటి సంచిలో వేసుకొచ్చింది.

ఆ పూట అత్తగారికి కాస్త తెలివి నిలకడగానే ఉంది. సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఊళ్ళో వాళ్ళందరి కొలతలూ నేను తీస్తే, నా కొలత నువ్వు తీస్తున్నావన్నమాట."

"వెక్కిరించకండి అత్తయ్యా. ఒక్కసారి చూసేస్తే నాకు నిమ్మళంగా ఉంటుంది."

"నీ నిమ్మళానికైతే సరే ఇటివ్వు. నాకైతే ఏ రోగం లేదు."

ఆ ముసలావిడ చెప్పింది అక్షరాలా నిజం. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఆ మాట విని నవ్వేసి ఊరుకుంది.

మర్నాటికి ప్లేటు నిండా గులాబీరంగు బొట్లు. మిల్లీలీటరుకు లెక్కవేస్తే లక్ష దాటాయి. పక్క బల్ల దగ్గర పనిచేసే జూనియర్ పిల్ల తొంగిచూసి, "ఏ వార్డు మేడం? ఫోను కలపనా?" అంది.

"అక్కర్లేదు. మా ఇంటిదే."

అంతే. ఫోను చెయ్యడానికి వార్డు లేదు, విసుక్కోవడానికి నర్సు లేదు. నాలుగు ప్రశ్నలూ ఆమె మనసులోకి రాలేదని కాదు, వచ్చాయి. జ్వరం లేదు. మంట లేదు. సీసా ఎందుకు పంపారంటే మతి సరిగా లేదు గనక. మతి తప్పడమూ ఒక లక్షణమే కదా అనుకుంది. వేరే ఎవరైనా ఆ మాట ఫోనులో అనుంటే తల వాచేలా చీవాట్లు పెట్టేది. ఇక నాలుగోది, కొత్త మందులు. మా ఇంట్లో నాకు తెలియకుండా కొత్త మందులేముంటాయి అనుకుంది. అనుకుని, బిళ్ళల డబ్బా మూత తీసింది.

మూడోనాడు బిళ్ళల చుట్టూ వలయాలు ఎంతో చక్కగా వచ్చాయి. స్కేలు పెట్టి కొలుస్తుంటే ఆమెకు చెప్పలేనంత సంతోషం కలిగింది. శత్రువు దొరికాడు, అన్ని మందులకూ లొంగుతున్నాడు, అత్తయ్య నాకు మిగులుతుంది. ఇరవై రెండేళ్ళలో ఎన్నో వేల ప్లేట్లు చూసిన మనిషి ఆ ఒక్కదాన్ని రిపోర్టులా చూడలేకపోయింది. తనకు కావలసిన జవాబులా చూసింది.

రిపోర్టు తీసుకుని కింద మెడికల్ వార్డు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. చిన్నపిల్ల, ముప్పై దాటలేదు. ఫోనమ్మ చేత రెండుసార్లు చీవాట్లు తిని, అప్పటినుంచి ఆమె మాటను నెత్తిన పెట్టుకున్న పిల్ల. రిపోర్టు చూసింది, పేరు చూసింది, చీటీ పుస్తకం తీసింది.

"ఏమైనా అడుగుతారా డాక్టర్‌గారూ?" అంది ఫోనమ్మ.

"మీరే స్వయంగా తెచ్చాక నేను అడిగేదేముంది మేడం? అక్కర్లేకపోతే మీరు బిళ్ళలే పెట్టరుగా" అని నవ్వి రాసిచ్చింది.

అడుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగింది ఫోనమ్మ. ఆ పిల్ల తర్వాతి రోగిని పిలిచింది. ఇన్నేళ్ళూ కష్టపడి సంపాదించుకున్న మంచిపేరు ఆ పూట ఆమె పక్కన నిలబడి ఆ పిల్ల నోరు మూయించింది. చీటీ తీసుకుని వచ్చేసింది.

మందు మొదలైన మూడోనాటికి అత్తగారి మతి కుదుటపడింది. రెండు ఎడమ చేతుల చొక్కాను చూసుకుని, "ఎవరే ఈ దిక్కుమాలిన పని చేసింది?" అని తనను తానే తిట్టుకుంది. ఇంట్లో మళ్ళీ మిషను చప్పుడు వినిపించింది. కొడుకు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. డిపోలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. "డాక్టర్లకు కూడా అందనిది మా ఆవిడ ఒక్క ప్లేటులో పట్టేసిందిరా" అని. భర్త అలా చెప్పుకు తిరుగుతుంటే ఫోనమ్మకు సిగ్గేసింది. సంతోషంగానూ అనిపించింది.

ఏడు రోజుల మందూ అయిపోయిన మర్నాడు విరేచనాలు పట్టుకున్నాయి. ఏదో పడలేదనుకున్నారు. రెండోనాటికి పదిహేనుసార్లయింది. మూడోనాడు జ్వరం, పొట్ట బిగదీసుకుపోయింది. ఫోనమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. ఆ సాయంత్రమే కల్చర్ రూమ్‌కు ఒక మలం డబ్బా వచ్చింది. మూత మీద అంటించిన కాగితంలో అత్తగారి పేరు.

"నేను చేస్తాను, మీరు వెళ్ళండి మేడం" అంది జూనియర్ పిల్ల.

"వద్దులే" అని తనే కూర్చుంది. పేగుల్లో ఆ దుర్మార్గపు రకం విషం ఉందో లేదో చూసే పరీక్ష అది. పావుగంట ఆగాలి. ఒక గీత కనబడితే లేనట్టు, రెండు కనబడితే ఉన్నట్టు. పది నిమిషాలకే రెండో గీత కొట్టొచ్చినట్టు కనబడింది. ఎవరికి ఏ మందు ఇస్తే ఇలా జరుగుతుందో ఇరవై రెండేళ్ళు ఫోనులో చెబుతూ వచ్చిన మనిషి, ఆ గీత వంక చూస్తూ బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. అయినా ఒక మాట పట్టుకుని వేలాడింది. మందు అవసరమైంది. ఇవ్వకపోతే మనిషి మతి దక్కేది కాదు. అవసరమై ఇచ్చిన మందుకు దురదృష్టంకొద్దీ ఇలా అయింది, అంతే. ఆ మాట పట్టుకునే ఆమె వార్డులో అత్తగారి మంచం పక్కన రెండురోజులు కూర్చోగలిగింది.

మూడోరోజు పొద్దున అత్తగారు కళ్ళు తెరిచింది. ఒంట్లో శక్తి లేదుగానీ తెలివి తేటగా ఉంది. కోడలు తడిగుడ్డతో పెదాలు తుడుస్తుంటే నెమ్మదిగా మాట్లాడింది.

"నోరెండుతోందే. కానీ ఆ దురద మాత్రలప్పుడు ఎండినంత కాదులే."

"ఏ దురద మాత్రలు?"

"వీపంతా దురదలు పెడితే వేసుకున్నాగా. దురద తగ్గింది గానీ, అవి వేసుకున్నన్నాళ్ళూ తల దిమ్ము. ఏదో బురదలో నడుస్తున్నట్టుండేది. అయిపోయాకే హాయిగా ఉంది."

ఫోనమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఎప్పుడైపోయాయి అత్తయ్యా?"

"నువ్వు నీ మందు మొదలుపెట్టిన మర్నాడే."

"ఎవరిచ్చారు మీకు?"

"ఎవరిస్తే ఏంటి? నేనే కొనుక్కున్నా, సందు చివర" అని ముసలావిడ గోడవైపు తిరిగింది.

దురదకు ఇచ్చే పాతరకం మాత్రలు పెద్దవయసు వాళ్ళ మతిని మసకబారుస్తాయని, నోరు ఎండబెడతాయని ఫోనమ్మకు తెలియనిది కాదు. ఎన్ని వార్డులకు చెప్పలేదు! అంటే అత్తయ్యకు మూత్రంలో రోగమే లేదు. ఉన్నదల్లా ఆ మూల పడుండే చుట్టమే. మాత్రలు అయిపోయినందుకే మతి తిరిగొచ్చింది. తన మందు బాగుచేసింది ఏమీ లేదు. అది చేసిందల్లా ఇప్పుడు ఈ మంచం మీద జరుగుతున్నది. చెప్పెయ్యాలనిపించింది. అత్తయ్యా, తప్పంతా నాదే, మీరు ఏ రోగమూ లేదన్నారు, నేను వినలేదు అని కాళ్ళు పట్టుకోవాలనిపించింది. 

"ఏంటలా చూస్తావు?" అంది అత్తగారు. "మాత్రలు కొన్నందుకు తిడతావా? ఇంటికెళ్ళాక తిట్టు. ఇక్కడ అందరూ వింటారు."

ఇంటికి వెళ్ళడం జరగలేదు. పేగు వాపు తగ్గడానికి ఇచ్చిన మందులు పనిచేసే లోపు మూత్రపిండాలు చేతులెత్తేశాయి. ఆపరేషన్ తట్టుకోలేదన్నారు. ఆసుపత్రిలో చేరిన ఆరోరోజు మధ్యాహ్నం, కొడుకు ఒక చెయ్యి, కోడలు ఒక చెయ్యి పట్టుకునుండగా ప్రాణం పోయింది.

పది రోజుల సెలవు తర్వాత ఫోనమ్మ పనిలోకి వచ్చింది. పని ఎప్పటిలాగే చేసింది. వార్డులకు ఫోను చేసింది. కాకపోతే నాలుగో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి రెండుమూడుసార్లు జూనియర్ పిల్ల చేతికి ఫోను ఇచ్చేసింది. ఇంట్లో భర్త మాత్రం అమ్మను తలుచుకున్నప్పుడల్లా ఒకటే మాటతో ఊరట పొందేవాడు.

"నువ్వు కనిపెట్టబట్టి చివరికి మనల్ని గుర్తుపట్టి పోయిందే అమ్మ. లేకపోతే మతిలేకుండానే పోయేది."

ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు అన్నం సహించేది కాదు. చెప్పేస్తే ఆయనకున్న ఆ ఒక్క ఊరటా పోతుంది. చెప్పకపోతే ఆయన పొగడ్తను మింగుతూ బతకాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నెల గడిపేసింది.

ఒక రోజు ఉదయం డ్యూటీకి వెళ్తూ ఆయన ఒక సీసా తెచ్చి ఆమె సంచిలో పెట్టాడు.

"మా కండక్టరు వాళ్ళమ్మది. పాపం, వారంనుంచి తికమకగా మాట్లాడుతోందట. అమ్మకు చూసినట్టే చూడు. నేను మాటిచ్చేశాను వాడికి."

ఫోనమ్మ ఆ సీసా పట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్ళింది. బల్ల మీద పెట్టి ఒక గంట దాని వంకే చూసింది. ఇక ఆగడం తన ఒక్కదాని విషయం కాదని అర్థమైంది. ఇంకో ఇంట్లో ఇంకో ముసలితల్లి ఉంది. సీసాను తిరిగి సంచిలో వేసుకుని, సగం పూట సెలవు చెప్పి, బస్సు డిపోకు వెళ్ళింది.

భోజనాల వేళ. షెడ్డులో బస్సులు వరసగా ఆగున్నాయి. ఆయన బస్సు చివర్న ఉంది. ఆయన డ్రైవరు సీట్లోనే కూర్చుని కడిగిన టిఫిన్ డబ్బాకు మూత పెట్టుకుంటున్నాడు. ఆమెను చూసి కంగారుపడ్డాడు.

"ఏమైంది? ఇలా వచ్చావేంటి?"

ఆమె ఎక్కి, ఆయన వెనక సీట్లో కూర్చుంది. సీసా తీసి ఇంజన్ మూత మీద పెట్టింది.

"ఇది చూడను నేను. ముందు ఆవిడకు కొత్తగా ఏమైనా మాత్రలు వేస్తున్నారేమో అడగండి."

"మాత్రలకూ దీనికీ ఏంటి సంబంధం?"

అప్పుడు చెప్పింది. ఆయన మొహం అద్దంలో కనబడుతుంటే, అద్దంలోకి చూడకుండా చెప్పింది. దురద మాత్రల సంగతి, వాటి వల్లే మతి తప్పడం, ప్లేటులో పెరిగింది రోగం కాకపోవడం, అక్కర్లేని మందు, దాని వల్ల పేగు పాడవడం. "మీ అమ్మను నేను కాపాడలేదండీ. నా చేతులారా పోగొట్టుకున్నాను. ఎవరో పరాయి మనిషి సీసా అయ్యుంటే ఫోను చేసి అడిగేదాన్ని. ఆవిడ బతికుండేది" అంది.

 తిడతాడనుకుంది. తిట్టినా బాగుండుననుకుంది. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఆ మాత్రలు అమ్మ కొనుక్కోలేదు" అన్నాడు చివరికి. "నేనే తెచ్చిచ్చాను."

ఆమె తలెత్తి అద్దంలోకి చూసింది.

"రాత్రంతా గోక్కుంటూ పడుకోలేకపోతుంటే చూడలేక తెచ్చా. నీకు చెప్దామన్నాను. వద్దు, అది తిడుతుంది, నిన్నూ నన్నూ కలిపి తిడుతుంది అంది అమ్మ. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. నువ్వు సీసా తెచ్చిన రోజు నేను అక్కడే ఉన్నానే. నన్ను అడిగుంటే చెప్పేసేవాణ్ణి."

వెనక సీట్లోంచి లేచి ఆమె ఆయన పక్కకు వచ్చి, ఇంజన్ మూత మీద సీసాను పక్కకు జరిపి కూర్చుంది.  వార్డులకు ఫోను చేసేటప్పుడు మాట్లాడే గొంతుతోనే అడిగింది.

"ఎన్ని తెచ్చారు?"

"రెండు షీట్లు. ఇరవై."

"ఎప్పుడు మొదలుపెట్టారు?"

"నువ్వు సీసా తేవడానికి నాలుగైదు రోజుల ముందు."

"రోజుకెన్ని వేసుకునేది?"

"రెండు. తగ్గకపోతే ఇంకోటి వేసుకోమని నేనే చెప్పా."

"వేసుకున్నాక నిద్రమత్తుగా ఉండేదా?"

"ఉండేది. హాయిగా పడుకుంటోంది, పోనీలే అనుకున్నా" అన్నాడు, కళ్ళనుంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా.

ఇంకా ఏమేం అడగాలో అన్నీ అడిగింది ఆమె. ఆయన ఒక్కదానికి కూడా తడుముకోలేదు.